నిర్ణయానికి ముందు మనసును ప్రశ్నిద్దాం

 

కొంతకాలం క్రితం ఒక రాత్రి ఇషా నమాజు తర్వాత మా బార్కస్‌లో ఒక పెద్దాయన నన్ను మస్జిదు మెట్ల దగ్గర ఆపారు. ఆటో నడిపి నలుగురు పిల్లల్ని పెంచిన మనిషి. "మౌలానా, ఇస్తిఖారా చేశాను. కల చాలా బాగా వచ్చింది. పచ్చటి తోట, పారే నీళ్ళు. ఇక పని కానిచ్చేయవచ్చు కదా?" అని అడిగారు. ఏం పని చాచా అంటే విషయం చెప్పారు. పెద్ద కొడుకును సౌదీ పంపాలి. ఇంటి డ్రైవరు వీసా. ఏజెంటు మొత్తం 1,20,000 రూపాయలు అడిగాడు. అందులో 40 వేలు ఇచ్చేశారు. మిగిలిన 80 వేల కోసం చాచీ బంగారు గాజులు అమ్మాలి.

"ఇస్తిఖారా ఎప్పుడు చేశారు చాచా?"

"నిన్న రాత్రి."

"డబ్బు ఎప్పుడు ఇచ్చారు?"

"రెండు నెలలవుతోంది."

ఆయన నన్ను సలహా అడగటానికి రాలేదని నాకు అప్పుడు అర్థమైంది. నిర్ణయం ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడు ఆయనకు కావలసింది 'సరే' అనే ఒక్క మాట. అల్లాహ్ ముందు కూడా ఆయన ఆ మాట కోసమే నిలబడ్డారు. దయచేసి ఎవరూ ఆయనను చూసి నవ్వవద్దు. ఇల్లు కొనేటప్పుడు, సంబంధం కుదుర్చుకునేటప్పుడు, పిల్లవాడిని ఏ కాలేజీలో చేర్చాలా అని ఆలోచించేటప్పుడు మనలో చాలామందిమి ఇదే వరుస పాటిస్తాం. ముందు మనసు పారేసుకుంటాం, తర్వాత కారణాలు ఏరుకుంటాం.

అడ్డదారులు తొక్కే బుద్ధి

డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వర్‌స్కీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1974లో 'సైన్స్' అనే పత్రికలో ఒక ప్రసిద్ధ వ్యాసం ప్రచురించారు. సరిగా తెలియని విషయాల్లో మనిషి లెక్క వేసి, తూచి నిర్ణయించడనీ, బుద్ధి కొన్ని అడ్డదారులు పట్టుకుని జవాబు దగ్గరకు దూకేస్తుందనీ ఎన్నో ప్రయోగాలతో వారు చూపించారు. ఈ కృషికే కానెమన్‌కు 2002లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ట్వర్‌స్కీ అప్పటికే మరణించారు.

అడ్డదారి అంటే అన్నివేళలా చెడ్డది కాదు. చాంద్రాయణగుట్ట చౌరస్తాలో రోడ్డు దాటేటప్పుడు బస్సు ఎంత వేగంతో వస్తోందో కాగితం మీద లెక్క వేస్తూ కూర్చోలేం కదా! ఆ క్షణంలో ఠక్కున తీర్పు చెప్పే బుద్ధి అల్లాహ్ ఇచ్చిన వరమే. చిక్కల్లా అదే బుద్ధిని కూతురి నికాహ్ విషయంలోనూ, జీవితమంతా కూడబెట్టిన సొమ్ము విషయంలోనూ అంతే తొందరగా వాడటంలో ఉంది.

దివ్యఖుర్ఆన్ ఈ లోపాన్ని రెండు మాటలతో పట్టుకుంటుంది. ఒకటి 'జన్', అంటే తెలియకుండానే తెలిసిందనుకునే ఊహ. రెండవది 'హవా', అంటే మనసు కోరిక. సూరె నజ్మ్ 23వ ఆయతులో ఈ రెండూ పక్కపక్కనే వస్తాయి. మనం చేసే తప్పుడు నిర్ణయాల్లో ఏది జన్ వల్ల జరిగింది, ఏది హవా వల్ల జరిగింది అని విడదీసి చూసుకోవటం మంచి అలవాటు. మొదటిదానికి మందు విచారించి తెలుసుకోవటం. రెండవదానికి ఎంత తెలిసినా సరిపోదు, నఫ్స్‌ను పట్టి ఆపాలి.

ఇక్కడొక మాట. ఈనాటి పరిశోధన ఏది బయటపడినా 'ఇది మా గ్రంథంలో ముందే ఉంది' అని మురిసిపోయేవారు కొందరున్నారు. నేను ఆ పని చేయటం లేదు. కావలసిన దాన్ని ముందే అనుకుని దానికోసం ఆయతులు వెతకటం కూడా మనం చెప్పుకుంటున్న జబ్బులో ఒక రకమే.

కావలసిన జవాబునే వెతకటం

1960లో పీటర్ వేసన్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త ఒక చిన్న పరీక్ష పెట్టాడు. 2, 4, 6 అనే మూడు అంకెలు ఒక నియమం ప్రకారం ఉన్నాయి, ఆ నియమం ఏమిటో కనుక్కోండి అన్నాడు. మీరు మరో మూడు అంకెలు చెబితే అవి నియమానికి సరిపోతాయో లేదో ఆయన చెబుతాడు. చాలామంది '8, 10, 12' అన్నారు. సరిపోతాయి అన్నాడు. '20, 22, 24' అన్నారు. సరిపోతాయి అన్నాడు. ఇక ధీమాగా, రెండేసి పెరిగే అంకెలు అదే నియమం అని చెప్పేశారు. అది తప్పు. నియమం ఏమిటంటే ప్రతి అంకె ముందుదానికన్నా పెద్దది కావాలి, అంతే. '1, 2, 50' అని ఒక్కసారి అడిగి ఉంటే తెలిసిపోయేది. కానీ తమ ఊహ తప్పేమో చూద్దాం అన్న ఆలోచన చాలామందికి తట్టలేదు. అవును అనిపించే ప్రశ్నలే అడుగుతూ పోయారు.

చాచా చేసింది ఇదే. ఏజెంటు పంపగా వెళ్ళి బాగుపడిన వాళ్ళెవరో ఏజెంటునే అడిగారు. అతడు రెండు పేర్లు చెప్పాడు. ఇద్దరూ బాగానే ఉన్నారట. అతడి వల్ల మోసపోయి తిరిగివచ్చిన వాళ్ళెవరైనా ఉన్నారా అని ఊళ్ళో ఒక్కరినీ అడగలేదు.

క్రీ.శ. 1377లో తన 'ముఖద్దిమా' రాసిన ఇబ్నె ఖల్దూన్, చరిత్రలోకి అబద్ధాలు ఎలా చేరతాయో వివరిస్తూ మొదటి కారణంగా దీన్నే చెప్పాడు. మనసు ఏ పక్షమూ వహించకుండా ఉంటే విన్న వార్తను పరీక్షిస్తుంది. ఒక అభిప్రాయం వైపు ముందే మొగ్గి ఉంటే దానికి అనుకూలమైన వార్తను విన్నవెంటనే ఒప్పేసుకుంటుంది. ఆ మొగ్గు మనసు కంటికి పొరలా కమ్ముతుందని ఆయన భావం.

ఇక ఇస్తిఖారా సంగతి. హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనం బుఖారీలో ఉంది. దైవప్రవక్త (సల్లం) ఖుర్ఆన్ సూరె నేర్పినంత శ్రద్ధగా సహాబాలకు ఇస్తిఖారా నేర్పేవారు. రెండు రకాతుల నఫిల్ నమాజు, ఆపైన దుఆ. అందులో కల ప్రస్తావన ఎక్కడా లేదు. ఆ దుఆ అర్థాన్ని గమనించండి. ఈ పని నా ధర్మానికి, నా జీవనానికి, నా పర్యవసానానికి మేలైతే నాకు సులభం చెయ్యి అని ఎంతగా వేడుకుంటామో, కీడైతే దాన్ని నానుంచి, నన్ను దాన్నుంచి మళ్ళించు అని కూడా అంతే స్పష్టంగా వేడుకుంటాం. రెండో సగం పలికేటప్పుడు నాలుక తడబడుతుంటే మనం ఎక్కడున్నామో మనకే తెలియాలి. కొంత డబ్బు కట్టి, ఆ తర్వాత పచ్చటి తోట కోసం ఎదురుచూడటానికి ఈ దుఆ నేర్పలేదు.

గడ్డం చూసి ఖాతా తెరిచిన రోజులు

ఒక మనిషిలో ఒక మంచి గుణం కనబడితే మిగతా గుణాలన్నీ మంచివేనని నమ్మేయటం మరో బలహీనత. మన సమాజంలో అన్నిటికన్నా ఎక్కువ నష్టం దీనివల్లే జరిగిందని నా అభిప్రాయం.

ముందు నా తప్పు చెబుతాను. నేను పాఠాలు చెప్పిన ఒక మదర్సాలో హాస్టల్ వంటింటి లెక్కలు ఒక విద్యార్థికి అప్పగించాల్సి వచ్చింది. నేను ఆలోచించకుండా అందరికన్నా చక్కగా ఖిరాఅత్ చేసే అబ్బాయి పేరు చెప్పాను. మూడు నెలల తర్వాత చూస్తే బియ్యం లెక్క ఒకచోట, కిరాణా చీటీలు ఒకచోట. ఆ అబ్బాయి ఒక్క రూపాయి తినలేదు, అల్లాహ్ సాక్షి. అతడికి లెక్క రాయటం రాదు. గొంతు బాగుంటే కూడికలు కూడా బాగుంటాయని ఊహించింది నేను.

హజ్రత్ ఉమర్ (రజి) దగ్గరకు ఒకతను సాక్ష్యం చెప్పటానికి వచ్చిన సంఘటనను ఇమామ్ బైహఖీ తన 'సునన్'లో పొందుపరిచారు. నువ్వెవరో నాకు తెలియదు, తెలిసినవారిని తీసుకురా అన్నారు ఉమర్ (రజి). అక్కడున్న ఒకాయన, ఇతను నాకు తెలుసు, న్యాయవర్తనుడు అన్నాడు. ఉమర్ (రజి) మూడు ప్రశ్నలు వేశారు. ఇతను నీ పక్కింటివాడా, రేయింబవళ్ళు రాకపోకలు చూశావా? లేదు. దీనారు, దిర్హముల లావాదేవీ ఏదైనా నడిపావా? లేదు. కలిసి ప్రయాణం చేశావా? లేదు. అయితే నీకు ఇతను తెలియదు అని తేల్చేశారు. మస్జిదులో రుకూ, సజ్దాలు చేస్తుండగా చూసి ఉంటావు అని కూడా అన్నట్టు కొన్ని ఉల్లేఖనాల్లో ఉంది. ఆ మూడు ప్రశ్నల గొప్పతనం చూడండి. అవి మంచివాడా కాదా అని అడగవు. నీకు ఎలా తెలుసు అని అడుగుతాయి.

మన ప్రాంతంలో జరిగినవి చూద్దాం. బార్కస్ పేరే 'బ్యారక్స్' అన్న మాట నుంచి వచ్చింది. యెమెన్‌లోని హజ్రమౌత్ నుంచి వచ్చి నిజాం కొలువులో సిపాయిలుగా చేరినవారి సంతతి ఇక్కడ స్థిరపడింది. 1948 సెప్టెంబరుతో ఆ కొలువు ముగిసింది. 1970ల నుంచి గల్ఫ్ ఉద్యోగాలు ఎన్నో ఇళ్ళను నిలబెట్టాయి. అరబ్బు దేశాల మీద ఇక్కడివారికి ఉన్న ప్రేమ సహజమైనది, గౌరవించదగినది. కానీ పాతబస్తీలో కొందరు దళారులు ఆ ప్రేమనే సరుకు చేసుకున్నారు. 1991 ఆగస్టులో విమానంలో ఏడుస్తున్న ఒక చిన్నపిల్లను ఎయిర్ హోస్టెస్ గమనించటంతో, అరవై ఏళ్ళ సౌదీ దేశస్థుడికి ఆ పాపను కట్టబెట్టిన సంగతి దేశమంతటికీ తెలిసింది. 2017 సెప్టెంబరులో హైదరాబాద్ పోలీసులు ఇలాంటి నికాహ్‌ల కేసులోనే ఒమాన్, ఖతర్ దేశస్థులనూ, వారితోపాటు ఖాజీలనూ అరెస్టు చేశారు.

పేదరికం అసలు కారణం, కాదనను. దళారి ద్రోహం ఉండనే ఉంది. అయినా ఆ తల్లిదండ్రులందరూ కూతురిని అమ్ముకునే కఠినులేనని నేను నమ్మను. వచ్చినవాడు అరబీ మాట్లాడాడు, పుణ్యభూమి వైపు నుంచి వచ్చాడు, ఖాజీ వచ్చి నికాహ్ చదివాడు. ఈ మూడూ కనబడగానే అడగవలసిన ప్రశ్నలు నోట్లోనే ఆగిపోయాయి. ఇతనికి ఇదివరకు ఎందరు భార్యలు? ఏ ఊరు, ఏ పని? రేపు ఫోన్ ఎత్తకపోతే నేను ఎవరిని అడగాలి?

డబ్బు విషయంలోనూ ఇంతే. హీరా గ్రూప్ అధినేత్రిని 2018 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు అరెస్టు చేశారు. ఏడాదికి 36 శాతం దాకా లాభం వస్తుందన్న మాట మీద వేలాది కుటుంబాలు ఆ సంస్థలో సొమ్ము పెట్టాయని అప్పటి వార్తలు చెప్పాయి. మరుసటి సంవత్సరం జూన్‌లో బెంగళూరు ఐ.ఎం.ఎ. సంస్థ అధిపతి దేశం విడిచి వెళ్ళిపోవటం, జూలైలో ఢిల్లీలో అరెస్టు కావటం జరిగింది. ఎవరు ఎంత దోషి అన్నది న్యాయస్థానాలు తేల్చే సంగతి. నా ప్రశ్న మన గురించి. లక్ష రూపాయలకు ఏడాదికి 36 వేలు, అంటే నెలకు 3 వేలు. రెండేళ్ళ పది నెలలకల్లా పెట్టిన లక్షా తిరిగి చేతికి వచ్చేయాలి, ఆపైన వచ్చేదంతా లాభమే కావాలి. ఇలాంటి లాభం ఏ వ్యాపారంలో నిలకడగా వస్తుందో బేగంబజారులో ముప్పై ఏళ్ళుగా కొట్టు నడిపేవారిని అడిగితే నవ్వేవారు. ఆ లెక్క వేయటానికి పెద్ద చదువు అక్కర్లేదు. 'హలాల్' అన్న మాట వినబడ్డాక లెక్క వేయటమే అనుమానించినట్టు, పాపం చేసినట్టు అనిపించింది. నిజానికి ఫిఖ్‌హ్ చెప్పేది వేరు. ముజారబాలో లాభాన్ని ఇంత నిష్పత్తి అని పంచుకుంటారు, ఇంత రొక్కం అని ముందే ఖాయం చేయరు. నష్టం వస్తే పెట్టుబడి పెట్టినవాడి సొమ్ము పోతుంది. కాబట్టి 'హలాల్ వ్యాపారం' అన్నవారిని మొదట అడగవలసిన మాట లాభం ఎంత అని కాదు, నష్టం వచ్చిన నెల మాకు ఎలా తెలుస్తుంది అని.

పోయిన సొమ్ము వెనకాల

చాచా దగ్గరకు వద్దాం. "ఇప్పుడు ఆగితే ఆ 40 వేలు మునిగినట్టే కదా మౌలానా!" అన్నారాయన. ఈ మాట అబద్ధం కాదు. కానీ ఆయన ముందున్న ప్రశ్న అది కాదు. ఆగినా, సాగినా ఆ 40 వేలు చేతిలో లేవు. ఇప్పుడు నిర్ణయించవలసింది చాచీ చేతికున్న 80 వేల గురించి. ఈ రోజే కొత్తగా ఆ ఏజెంటు వచ్చి 80 వేలు అడిగితే ఇస్తారా? ఇవ్వనంటే, ఇచ్చేసిన 40 వేలు ఇంకో 80 వేలను లాక్కుపోవటానికి ఎందుకు ఒప్పుకోవాలి? కానెమన్, ట్వర్‌స్కీలే 1979లో మరో వ్యాసంలో ఈ బాధ గురించి రాశారు. వంద రూపాయలు దొరికిన సంతోషం కన్నా వంద రూపాయలు పోయిన బాధ మనిషికి చాలా ఎక్కువ. ఆ బాధ తప్పించుకోవటానికి ఇంకా పెద్ద ప్రమాదంలోకి నడుస్తాడు.

ఈ సందర్భంలో నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది సర్గ్ సంఘటన. బుఖారీలో వివరంగా ఉంది. హజ్రత్ ఉమర్ (రజి) మదీనా నుంచి షామ్ వైపు బయలుదేరారు. సర్గ్ అనే చోటికి చేరేసరికి హజ్రత్ అబూ ఉబైదా (రజి), ఇతర సేనానులు ఎదురొచ్చి, షామ్‌లో ప్లేగు వ్యాపించిందని చెప్పారు. అంత దూరం వచ్చారు. ముందుకా? వెనక్కా?

ఉమర్ (రజి) అందరినీ ఒకేచోట కూర్చోబెట్టి చేతులు ఎత్తమనలేదు. ముందు ముహాజిర్లను పిలిపించారు. వారిలో భేదం వచ్చింది. కొందరు, మీరు ఒక పని మీద బయలుదేరారు, దాన్ని వదిలి వెనుదిరగటం మాకు సరికాదనిపిస్తోంది అన్నారు. మరికొందరు, మీతో ప్రవక్త సహచరులున్నారు, వారిని ఈ వ్యాధిలోకి తీసుకెళ్ళకండి అన్నారు. వారిని పంపేసి అన్సార్లను పిలిచారు. వారూ అలాగే రెండుగా చీలారు. వారినీ పంపేసి, మక్కా విజయకాలపు ఖురైషు పెద్దలను పిలిచారు. వారిలో ఇద్దరు కూడా భేదించలేదు. తిరిగి వెళ్ళిపోండి అన్నారు. తెల్లవారగానే తిరుగు ప్రయాణం అని ప్రకటించారు ఉమర్ (రజి).

దీన్ని మనం విధివ్రాత పాఠంగా చదువుతాం, మంచిదే. అల్లాహ్ విధి నుంచి పారిపోతారా అని అబూ ఉబైదా (రజి) అడగటం, అల్లాహ్ విధి నుంచి అల్లాహ్ విధి వైపుకే వెళుతున్నామని ఉమర్ (రజి) జవాబివ్వటం, పచ్చిక ఉన్న గట్టు, ఎండిన గట్టు ఉపమానం మనందరికీ తెలుసు. కానీ ఆయన సలహా తీసుకున్న తీరును చూడండి. మూడు వర్గాలను విడివిడిగా అడిగారు. ఒకరి మాట విని మరొకరు తలూపే వీలు లేకుండా పోయింది. 'ఇంత దూరం వచ్చాక వెనక్కా' అన్న వాదనను విన్నారు, దానికి లొంగలేదు. తనకు ఎంతో ఆప్తుడైన అబూ ఉబైదా (రజి) కాదన్నా నొచ్చుకున్నారే గాని నిర్ణయం మార్చలేదు. ఆ తర్వాతే, పనిమీద వెళ్ళి అక్కడ లేని హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వచ్చి, ప్లేగు ఉన్న ఊరికి వెళ్ళవద్దు, మీరున్న ఊరికి వస్తే పారిపోవద్దు అన్న ప్రవక్త (సల్లం) ఉపదేశం వినిపించారు. ఉమర్ (రజి) అల్లాహ్‌ను స్తుతించి వెనుదిరిగారు.

మన ఇళ్ళలో మష్వరా ఎలా జరుగుతుంది? దస్తర్‌ఖాన్ ముందు అందరూ ఉండగా ఇంటి పెద్ద ముందు తన మాట చెప్పేస్తాడు. ఆ తర్వాత 'మీరేమంటారు?' అంటాడు. కోడలు ఏమంటుంది? చిన్నకొడుకు ఏమంటాడు? పెద్దవాడు చివర మాట్లాడితే ఎంత మేలు!

మరికొన్ని

గల్ఫ్ నుంచి వచ్చి రెండంతస్తుల ఇల్లు కట్టినవాడు వీధిలో అందరికీ కనబడతాడు. జీతం లేక, పాస్‌పోర్టు యజమాని దగ్గర ఇరుక్కుపోయి, రాత్రి విమానానికి ఖాళీ చేతులతో వచ్చినవాడు కనబడడు, సిగ్గుతో బయటికి రాడు. మనం ఇళ్ళను లెక్కపెట్టి గల్ఫ్ బాగుంది అంటాం.

జోడే రఖం బేరంలో మొదట పలికిన అంకె చుట్టూనే మిగతా మాటలన్నీ తిరుగుతాయి. ఐదు లక్షలని వారంటే, మూడుకు తెగ్గొట్టి గెలిచామని ఇంటికొస్తాం. అసలు ఆ సొమ్ము అడిగే హక్కే వారికి లేదన్న సంగతి ఆ అంకె వినబడగానే మరుగున పడిపోతుంది.

నష్టం జరిగాక 'నాకు ముందే తెలుసు' అనే బంధువు ప్రతి ఇంటికీ ఒకరుంటారు. ముందే తెలిస్తే చెప్పలేదేం? తెలియదు కాబట్టి. జరిగిపోయినదాన్ని చూశాక అది తప్పక జరిగేదేనని అనిపించటం కూడా బుద్ధి చేసే మాయే. అలా చేసి ఉంటే, ఇలా చేసి ఉంటే అని కుమిలిపోవద్దనీ, 'ఉంటే' అన్న మాట షైతాను పనికి తలుపు తెరుస్తుందనీ చెప్పే హదీసు ముస్లింలో ఉంది. అదే హదీసు మొదట, నీకు మేలు చేసేదాని కోసం గట్టిగా ప్రయత్నించు అంటుంది. మనం ఆ మొదటి సగాన్ని ఎక్కువగా మరచిపోతాం.

ఇక 'మనవాడే కదా, రాత ఎందుకు' అన్న మాట. ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయతు బఖరా 282. అది అప్పు రాసుకోవటం గురించి. చిన్న మొత్తమైనా, పెద్ద మొత్తమైనా గడువుతో సహా రాయటానికి విసుగుపడవద్దంటుంది. రాత అడిగితే ఎదుటివాడిని అవమానించినట్టు కాదు. రెండేళ్ళ తర్వాత ఇద్దరి జ్ఞాపకమూ ఎవరి లాభం వైపుకు వారిని లాగుతుంది కాబట్టే రాత.

ఆ రాత్రి చాచాకు నేను అవుననీ కాదనీ చెప్పలేదు. మూడు పనులు చెప్పాను. ఏజెంటు చెప్పిన ఇద్దరిని కాకుండా, అతడు చెప్పని ఒక్కడిని వెతికి అడగండి. ప్రభుత్వం ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబరు చూపమనండి, ఆ నంబరు నిజమో కాదో ఇమిగ్రేట్ వెబ్‌సైటులో మీ అమ్మాయి చేత చూపించండి. చాచీని విడిగా కూర్చోబెట్టి, మీరేమీ అనకుండా, ఆమె ఏమంటుందో వినండి.

వారం తర్వాత జుమా రోజు కలిశారు. నంబరు అడిగితే ఏజెంటు రేపు, ఎల్లుండి అంటున్నాడట. ఎర్రకుంటలో ఒక కుర్రాడు అతడి ద్వారానే వెళ్ళి ఆరు నెలలకు తిరిగొచ్చాడట. చాచీ మొదటిరోజు నుంచీ వద్దనే అనుకుంటోందట, అడిగినవారు లేక చెప్పలేదట. గాజులు అమ్మలేదు. అబ్బాయి ప్రస్తుతం ఒక ఏసీ మెకానిక్ దగ్గర పని నేర్చుకుంటున్నాడు, గల్ఫ్ ఆశ ఇంకా వదులుకోలేదు.

ఆ 40 వేలు మాత్రం పూర్తిగా రాలేదు. చాచా నెలకోసారి ఏజెంటు ఇంటికి వెళ్ళి వస్తున్నారు. పోయినసారి 2 వేలు ఇచ్చాడు. మిగిలిన 38 వేలకు గడువు వేయించి, ఇద్దరు సాక్షుల సంతకాలతో కాగితం రాయించుకున్నారు. ఆ కాగితం చాచీ గాజుల డబ్బాలో ఉంది.